దూరం ఒకటే, గంటలు వేరు: రేణిగుంట నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా

(తిరుపతిలో విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సభలో ఒక విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకొనేందుకు రికార్డింగు నుంచి అక్షరరూపంలోకి తెచ్చాం.)

సభకు నమస్కారం. వెనుక నిలబడి ఉన్న పిల్లలు ముందుకు వచ్చి ఈ బల్ల పక్కన కూర్చోవాలని కోరుతున్నాను. రండి నాయనా, మొహమాటం వద్దు. నేను చూపించబోయేది దగ్గర నుంచి చూడవలసిన విషయం.

తిరుపతిలో గాని, చిత్తూరులో గాని ఈ రోజు ఏ వీధికి వెళ్ళినా, కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఆ ఇంటివారిని చుట్టుపక్కలవారు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "మీ అబ్బాయి ఉండే ఊరు ఎంత దూరమండీ, విమానంలో ఎన్ని గంటలు?" అని అడుగుతారు. ఒకే ఊపిరిలో అడుగుతాం కాబట్టి అది ఒకే ప్రశ్న అనుకుంటాం. కాని అవి రెండు ప్రశ్నలు. ఎంత దూరం అన్నదానికి జవాబు ఒక్కటే. భూమి గుండ్రంగా ఉన్నంతకాలం ఆ జవాబు మారదు. ఎన్ని గంటలు అన్నదానికి మాత్రం జవాబు రోజుకొక తీరుగా ఉంటుంది. ఎందుకంటే ఆ గంటలను నిర్ణయించేది దూరం ఒక్కటే కాదు. గాలి నిర్ణయిస్తుంది, కొండలు నిర్ణయిస్తాయి, రెండు దేశాల మధ్య తగాదా నిర్ణయిస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ఆ రెండవ జవాబు గురించే. అయితే మొదటి జవాబు సరిగా తెలియకపోతే రెండవది అర్థం కాదు గనుక, ముందు దూరంతో మొదలుపెడతాను.

ఇది 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు. దీని నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి, ఈ గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద దాదాపు 425 కిలోమీటర్లు. ఈ దారం ఒక కొసను మన రేణిగుంట మీద పెడుతున్నాను. అమ్మా, మీరు వచ్చి ఈ కొసను వేలితో నొక్కి పట్టుకోండి. రెండవ కొసను అమెరికా పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి, దారాన్ని బిగించి లాగుతాను. లాగే ముందు ఒక ప్రశ్న. ఈ దారం ఏ దిక్కుకు పోతుంది? తూర్పున చైనా, జపాను, ఆ తరువాత పసిఫిక్ మహాసముద్రం, అనుకున్నవారు చేతులెత్తండి. చాలామంది ఎత్తారు. గోడకు వేలాడే పటం చూసిన కళ్ళకు అలాగే తోస్తుంది, అందులో వింత లేదు.

ఇప్పుడు చూడండి, దారం ఎటు పోయిందో. రేణిగుంట వదిలిన దారం ఉత్తరం వైపు తిరిగింది. తూర్పుకు ఒరిగినది కేవలం 21 డిగ్రీలు. మన విజయవాడ మీదుగా పోయింది. ఛత్తీస్‌గఢ్, బీహారు దాటి ఖాట్మండు పక్కనుంచి హిమాలయాలు ఎక్కింది. టిబెట్టు, మంగోలియా, బైకాల్ సరస్సుకు కొంచెం పడమరగా సైబీరియా. అక్కడితో ఆగలేదు, ఆర్కిటిక్ వృత్తాన్ని కూడా దాటి 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైకి పోయి, అక్కడి నుంచి అలాస్కా మీదుగా కిందికి దిగి, కెనడా తీరం పక్కగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గర దారి విజయవాడ మీదుగా, ఖాట్మండు మీదుగా పోతుందని మనలో ఎవరమైనా ఊహిస్తామా? గోళం మీద రెండు చోట్ల మధ్య అతి తక్కువ దూరం మహావృత్తం వెంబడే ఉంటుంది. మహావృత్తం అంటే భూమి కేంద్రం గుండా కోసినప్పుడు ఏర్పడే వృత్తం. బిగించిన దారం తనంతట తానే ఆ వృత్తం మీదికి పోయి కూర్చుంటుంది. ఈ దారం పొడవు 33 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, అంటే సుమారు 13,870 కిలోమీటర్లు. గోడ పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత ప్రకారం, దిక్సూచి చూపే దిక్కు మార్చకుండా తూర్పుగా పోయామనుకోండి, అప్పుడు దూరం దాదాపు 15,900 కిలోమీటర్లు అవుతుంది. పటాన్ని నమ్మితే రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ తిరగవలసి వస్తుందన్నమాట.

గణితం చదివే పిల్లలు దారం లేకుండానే ఈ లెక్క కట్టవచ్చు. రేణిగుంట విమానాశ్రయం 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.54 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.62 ఉత్తరం, 122.38 పడమర. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించి, దానిని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించండి. ఈ రెండు ఫలితాలను కూడితే భూమి కేంద్రం దగ్గర ఏర్పడే కోణం కొసైన్ వస్తుంది. మన విషయంలో ఆ కోణం 124.8 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే సరి. ఇంటికి వెళ్ళి చేసి చూడండి. ఒక వెబ్‌సైటు చూపిన దూరానికీ మరొక దానికీ పదీ ఇరవై కిలోమీటర్లు తేడా కనిపిస్తే కంగారు పడవద్దు. భూమి సంపూర్ణ గోళం కాదు; భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 6,357. ఎవరు దేనిని తీసుకున్నారన్న దానిని బట్టి ఆ కొద్ది తేడా వస్తుంది.

సరే, దూరం తేలింది. పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 13,870ను 900తో భాగిస్తే పదిహేనున్నర గంటలు. మరి జవాబు వచ్చేసినట్లే కదా? రాలేదు. అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా సంస్థ తన ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని దారి మార్చింది. అంతకు ముందు అది యూరప్ మీదుగా, అట్లాంటిక్ మీదుగా పడమటి దిక్కున పోయేది. ఆ దారి పొడవు సుమారు 13,900 కిలోమీటర్లు. కొత్త దారి తూర్పుగా, పసిఫిక్ మీదుగా. దాని పొడవు 15,300 కిలోమీటర్లు. 1,400 కిలోమీటర్లు పెరిగింది. మరి ప్రయాణ కాలం పెరిగిందా? తగ్గింది. దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో చేరింది. మళ్ళీ చెబుతున్నాను, పిల్లలు గుర్తుంచుకోవాలి: దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం రెండు గంటలు తగ్గింది. 15,300ను పద్నాలుగున్నరతో భాగించి చూడండి. గంటకు సగటున 1,055 కిలోమీటర్లు వస్తుంది. విమానం ఇంజను అంతకు ముందు ఎంత వేగంతో పనిచేసిందో అప్పుడూ అంతే వేగంతో పనిచేసింది. మిగిలిన వేగం ఎక్కడి నుంచి వచ్చింది? గాలి ఇచ్చింది.

గోదావరిలో పాపికొండలకు పోయే లాంచీని చూసినవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. రాజమహేంద్రవరం నుంచి ఎగువకు పోయేటప్పుడు పట్టే సమయం వేరు, దిగువకు వచ్చేటప్పుడు పట్టే సమయం వేరు. ఇంజను అదే, నది అదే. ఆకాశంలో కూడా అటువంటి నదులు ఉన్నాయి. వాటినే జెట్ స్ట్రీములు అంటారు. భూమధ్యరేఖ దగ్గరి వేడికీ ధ్రువాల దగ్గరి చలికీ మధ్య ఉన్న తేడా వల్ల, దానికి భూభ్రమణం తోడు కావడం వల్ల, సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. విమానాలు ఎగిరే ఎత్తు కూడా సరిగ్గా అదే. శీతాకాలంలో ఆ వేడి, చలి తేడా పెరుగుతుంది కాబట్టి గాలి జోరు కూడా పెరుగుతుంది. 1920ల్లో వసబురో ఓయిషి అనే జపాను శాస్త్రవేత్త బెలూన్లను ఎగురవేసి ఈ గాలులను కొలిచాడు. ఆయన తన ఫలితాలను ఎస్పెరాంతో అనే కల్పిత అంతర్జాతీయ భాషలో ప్రచురించడం వల్ల బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను మీదికి వెళ్ళిన అమెరికా బాంబర్లు ఆ గాలికి ఎదురుపడిన తరువాతనే అందరికీ దాని బలం తెలిసింది.

ఆ బలం ఎంతటిదో చెప్పే సంఘటన ఒకటి ఉంది. 2020 ఫిబ్రవరిలో బ్రిటన్ మీదికి సియారా అనే తుపాను వచ్చింది. ఆ గాలి వాలులో న్యూయార్కు నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 విమానం 4 గంటల 56 నిమిషాలకే లండన్ చేరింది. మామూలుగా ఆరు గంటలకు పైబడి పట్టే ప్రయాణం అది. నేల మీద లెక్కిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. మరి ధ్వని వేగాన్ని మించిపోయిందా? లేదు. ధ్వని వేగాన్ని చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూడాలి. ఆ గాలే విమానాన్ని మోసుకొని పరుగెత్తుతున్నది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. పోయేటప్పుడు గాలి సహాయం చేస్తుంది, వచ్చేటప్పుడు ఎదురవుతుంది. రెండూ కలిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. సరిపోదు. 9,000 కిలోమీటర్ల దారి, 900 వేగం, గాలి లేదు. అప్పుడు పోవడానికి పది గంటలు, రావడానికి పది గంటలు, మొత్తం ఇరవై. ఇప్పుడు 100 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తున్నది. పోయేటప్పుడు వేగం 1,000, తొమ్మిది గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు వేగం 800, పదకొండుంబావు గంటలు పడుతుంది. మొత్తం ఇరవై గంటల పదిహేను నిమిషాలు. గాలి ఇచ్చింది ఒక గంట, తీసుకున్నది గంటంబావు. ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. అందుకే పైలట్ల దారి పత్రం ప్రతి ప్రయాణానికీ ఆ రోజు గాలిని చూసి కొత్తగా తయారవుతుంది. 2005 నవంబరులో బోయింగ్ 777 విమానం ఒకటి హాంకాంగ్ నుంచి లండన్‌కు దగ్గర దారైన పడమరగా పోకుండా, కావాలని తూర్పుగా పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటి 21,602 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరింది. 22 గంటల 42 నిమిషాలు పట్టింది. అంత దూరం పోగలగడానికి ఆ పడమటి గాలులు ఎంతో తోడ్పడ్డాయి.

దక్షిణాది వాళ్ళం గనుక మన నెత్తిమీది గాలిని కూడా తలచుకోవాలి. వానాకాలంలో మన మీద పైఎత్తున గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. ఈ తూర్పు జెట్ స్ట్రీమును 1950ల్లో లోకానికి తెలియజెప్పినవారు భారత వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. మన రుతుపవనాలకు దానితో దగ్గరి సంబంధం ఉంది. అది మరొక సభకు సరిపడే విషయం.

గాలి తరువాత కొండలు. మన దారం టిబెట్టు మీదుగా పోయింది కదా, మరి విమానాలు అలా ఎందుకు పోవు? ఎవరెస్టును ఢీకొంటాయని కాదు. విమానం పదిన్నర, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఎవరెస్టు ఎత్తు తొమ్మిది కిలోమీటర్ల లోపే. కారణం వేరు. విమానం లోపలి గాలి ఒత్తిడి ఏ కారణం చేతనైనా పడిపోతే, సీట్ల పైనుంచి ఆక్సిజన్ మాస్కులు కిందికి జారుతాయి. ప్రయాణికులందరికీ అందే ఆ ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. ఆ లోగా పైలట్ విమానాన్ని సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు, అంటే మామూలుగా ఊపిరి తీసుకోగల చోటికి దించాలి. టిబెట్టు పీఠభూమి నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎక్కడికి దించుతాడు? అందుకే ఆ మేర చుట్టూ తిరిగి పోతారు.

అలాగే రెండే ఇంజన్లు ఉన్న విమానం, ఒక ఇంజను ఆగిపోయినా మిగిలిన దానితో నిర్ణీత సమయం లోపల ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేటట్లు దారి వేసుకోవాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న విమానం ఇంజనులో లోపం కనిపించడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ అనే ఊళ్ళో దిగింది. 216 మంది ప్రయాణికులు అక్కడ చిక్కుకుపోయారు. వేరే విమానం వెళ్ళి వారిని గమ్యం చేర్చింది. ఆ ఊరి పేరు మనలో ఎంతమందికి తెలుసు? అటువంటి ఊళ్ళ రన్‌వేలను నమ్ముకొనే ఈ దూరప్రయాణాలు సాగుతున్నాయి.

ఇక దేశాలు. ఆకాశానికి కూడా సరిహద్దులు ఉన్నాయి. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జులై నడిమి దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు పోయే విమానాలు అరేబియా సముద్రం మీదికి దిగి చుట్టూ తిరగవలసి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి నుంచి టోక్యోకు అంతకు ముందు తొమ్మిది, తొమ్మిదిన్నర గంటలు. తరువాత పదమూడు గంటలు. హెల్సింకి జరగలేదు, టోక్యో జరగలేదు. మధ్యలో ఒక దేశం తలుపు వేసుకుంది, అంతే.

ఇక్కడ కూర్చున్న ఆడపిల్లల కోసం ఒక ప్రయాణం గురించి చెప్పాలి. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటి సూటి విమానం బయలుదేరింది. రెండు విమానాశ్రయాల మధ్య నేరు దూరం దాదాపు 13,990 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా సాగిన ఆ ప్రయాణంలో పైలట్లు నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరె, శివాని మన్హాస్ ఆ విమానాన్ని నడిపారు. సుమారు పదిహేడు గంటలు ఎగిరారు. 9వ తేదీ రాత్రి బయలుదేరి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. పదిహేడు గంటల ప్రయాణానికి రెండు తేదీలు ఎలా మారాయి?

ఆ ప్రశ్నతోనే టికెట్టు దగ్గరికి వస్తాను. తల్లిదండ్రులు ఈ భాగం జాగ్రత్తగా వినాలి. భూమి 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు కాబట్టి 15 డిగ్రీలకు ఒక గంట, ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. పంచాంగం గుణించేవారు ఈ దేశాంతర సంస్కారాన్ని, అంటే రేఖాంశాన్ని బట్టి సమయాన్ని సవరించడాన్ని, ఎన్నో తరాలుగా చేస్తున్నారు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి ఇక్కడి సూర్యుడు గడియారం కన్నా పన్నెండు నిమిషాలు వెనుక. అదే లెక్క ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం చలికాలంలో మనకు పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో వారు గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు గనుక తేడా పన్నెండున్నర గంటలు.

టికెట్టు మీద ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. జనవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం 2:30కు బెంగళూరులో బయలుదేరి, అదే సోమవారం సాయంత్రం 5:00కు శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది అని టికెట్టు మీద ఉందనుకుందాం. ఒక పెద్దాయన చూసి "రెండున్నర గంటలేనా!" అని ఆశ్చర్యపోతే అందులో ఆయన పొరపాటు లేదు, టికెట్టు అలా ఉంటుంది. ఆ రెండున్నరకు పదమూడున్నర కలపండి, పదహారు గంటలు. తిరుగు ప్రయాణంలో ఆ పదమూడున్నర గంటలు తీసివేయాలి. ఈ కూడిక, తీసివేత తెలిస్తే మందులు ఎన్ని గంటలకు ఒకసారి వేసుకోవాలో, ఏ పూట భోజనం ఎక్కడ పడుతుందో ఎవరినీ అడగకుండా మీరే లెక్క వేసుకోవచ్చు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకొనేవారు మాత్రం ఈ గంటల లెక్కను కాగితం మీద వేసుకొని, బయలుదేరే ముందు తమ డాక్టరుకు చూపించి తీరాలి.

ఒక విద్యార్థి చీటీ పంపించాడు. "భూమి తూర్పుకు తిరుగుతున్నది కదా, విమానం పైకి లేచి ఊరికే నిలబడితే అమెరికా దానంతట అదే కిందికి రాదా?" మంచి ప్రశ్న నాయనా. తిరుపతి నేల గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్నది. నేలతో పాటు గాలి కూడా తిరుగుతున్నది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతున్నది. కాబట్టి పైకి లేచి నిలబడిన హెలికాప్టరు కింద తిరుపతే ఉంటుంది. తూర్పుకు పోయే విమానం ముందుగా చేరేది గాలి వల్ల. భూమి తిరగడం నేరుగా దానిని తోయదు.

చివరగా ఇంటి నుంచి ఇంటికి లెక్క చెబుతాను. రేణిగుంట నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. అంత దూరానికి ఇంధనం నింపుకొన్న పెద్ద విమానం పైకి లేవాలంటే పొడవైన రన్‌వే కావాలి; బెంగళూరులో 4,000 మీటర్లది ఉంది, శంషాబాద్‌లో 4,260 మీటర్లది ఉంది. మన ఊరివారు ఎక్కువగా చెన్నైకో బెంగళూరుకో రోడ్డు మీద పోతారు. చెన్నై నుంచి దుబాయ్ మీదుగా పోయే దారి తీసుకుందాం. చెన్నై, దుబాయ్ మధ్య సుమారు 2,900 కిలోమీటర్లు; దుబాయ్, శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య సుమారు 13,000. నేరు దారి కన్నా రెండు వేలు అదనం. గంటలు చూస్తే, ఇక్కడి నుంచి చెన్నైకి నాలుగు గంటలు పెట్టుకోండి, విమానాశ్రయంలో మూడు, దుబాయ్ దాకా నాలుగు, అక్కడ ఆగడం మూడు, ఆ తరువాత పదహారు, దిగిన చోట ఇమ్మిగ్రేషన్ వరుసకూ సామానుకూ రెండు. మొత్తం 32 గంటలు. అందులో గాలిలో ఉండేది ఇరవై. మిగిలిన పన్నెండు గంటలూ నేల మీదనే. మధ్యలో ఆగే ఊళ్ళో గంటన్నర మాత్రమే వ్యవధి ఉన్న టికెట్టు చవకగా దొరికినా, వయసు పైబడినవారికి కొనవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. మొదటి విమానం ఎదురుగాలిలో చిక్కి అరగంట ఆలస్యమైతే రెండవ విమానం అందడం కష్టం. మార్చి నెల రెండవ ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు మారుతాయి కాబట్టి, ఆ వారాల్లో ప్రయాణించేవారు అటువైపు సమయాలను మరొక్కసారి సరిచూసుకోవాలి. గ్లోబు, దారం ఈ బల్ల మీదే ఉంచుతున్నాను. మీ పిల్లలు ఉండే ఊరికి దారం పట్టి చూసుకొని, ప్రశ్నలు ఉన్నవారు అడగండి.